పెట్రోలు పుట్టించిన కారు

ముందే ఒప్పేసుకుంటాను, నేను కోతలు కోస్తాను. మా పోర్టు ఆఫీసులో నేను "తుపాను వస్తోంది" అంటే, నాలుగు చినుకులు పడ్డాయని అర్థం చేసుకుని అందరూ ఆరేసిన తువాళ్ళు తెచ్చుకుంటారు. "చినుకులు పడుతున్నాయి" అంటే ఎవరూ తల కూడా ఎత్తరు. మా ఆవిడ విజయ నేను చెప్పిన ఏ సంగతినైనా మూడుతో భాగించి వింటుంది. మా గోదావరి జిల్లా ముచ్చట్లయితే నాలుగుతో. మీరు కూడా మీకు నచ్చిన అంకె ఒకటి దగ్గర పెట్టుకుని చదవండి, నాకేమీ అభ్యంతరం లేదు.

అయితే ఈ కథలో జరిగిన ప్రళయాన్ని మాత్రం భాగించకండి. ఒక ప్రశాంతమైన ఆదివారం ఉదయాన, చప్పుడన్నది లేకుండా, పక్షి ఈక రాలినంత మెత్తగా నేను నా పరువు పోగొట్టుకున్నాను. దానితోపాటు ఇరవై ఏళ్ళుగా ఆర్జించిన పెట్రోలు పాండిత్యం కూడా పోయింది. విజయకి రావలసిన ఉద్యోగం కూడా ఇంచుమించు పోయినంత పనయింది.

పాండిత్యం సంగతి ముందు చెప్పాలి. మా సొంత ఊళ్ళో నేల అప్పడంలా ఉంటుంది. సైకిలు తొక్కితే కదులుతుంది, మానేస్తే ఆగుతుంది. పోర్టులో ఉద్యోగం దొరికి విశాఖపట్నంలో దిగాకగానీ, నేలకి ఎత్తూ పల్లమూ ఉంటాయని నాకు తెలియలేదు. ఇక్కడ ఏ రోడ్డైనా ఎక్కడో అక్కడ ఎక్కుతుంది, ఎక్కిన పాపానికి మళ్ళీ దిగుతుంది. ఈ ఊళ్ళో స్కూటరున్న ప్రతి సంసారికీ ఒక విద్య వచ్చు. వాలు మొదలవగానే తాళం తిప్పి ఇంజను ఆపేస్తాడు. బండి దానంతటదే జారుకుంటూ పోతుంది. పెట్రోలు మిగులుతుంది.

మిగిలేది ఎంతో నాకిప్పటికీ తెలియదు. నిజం చెప్పాలంటే నేను పెట్రోలు కోసం ఆపేవాణ్ణి కాదు. ఇంజను ఆగిన మరుక్షణం వచ్చే ఆ నిశ్శబ్దం కోసం ఆపేవాణ్ణి. అప్పటిదాకా డబడబమన్న లోకం ఒక్కసారిగా నోరు మూసుకుంటుంది. చెవుల్లో గాలి తప్ప ఏమీ ఉండదు. ఎక్కడో హార్బరు వైపు నుంచి ఓడ కూత, దాని వెనకాలే కొంచెం ఉప్పు వాసన. నేను బండి నడుపుతున్నట్టుండదు. నేను కదలకుండా కూర్చుంటే, ఊరే నా కిందనుంచి మెల్లగా వెనక్కి జరిగిపోతున్నట్టు, ఇళ్ళూ కొబ్బరి చెట్లూ డాబాల మీద ఆరేసిన చీరలూ వరసలో వచ్చి నాకు కనబడి పోతున్నట్టు ఉంటుంది. ఆ కాసేపూ నేను పోర్టు గుమాస్తాని కాను. ఏమవుతానో నాకూ తెలియదు, గాలి మీద తేలే ఏదో ఒకటి అవుతాను. వాలు అయిపోయి, వెనకాల బస్సువాడు హారన్ మోగించాక మళ్ళీ గుమాస్తానవుతాను.

ఇలా కలల్లో జారుతున్న రోజుల్లో విజయకి ప్రమోషన్ వచ్చింది. గోపాలపట్నంలో మా ఇంటికి నాలుగు వీధుల అవతల బళ్ళో టీచరుగా చేస్తున్న మనిషిని, పెందుర్తి దాటి చాలా దూరం పోయాక ఉన్న హైస్కూలుకి హెడ్మిస్ట్రెస్‌గా వేశారు. బస్సు మారి బస్సు ఎక్కి, చివర్లో ఆటో పట్టుకోవాలి. వచ్చేటప్పుడు ఆ ఆటో ఉంటుందో ఉండదో దానికే తెలియదు. వెళ్తానో వెళ్ళనో సోమవారానికల్లా రాసివ్వాలి.

"కారు కొనుక్కుంటే వెళ్ళగలను," అంది విజయ. ఆవిడ డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు కూడా తీసుకుంది. నేను వాలు మీద తేలుతున్న రోజుల్లో ఆవిడ బుద్ధిగా ఇలాంటి పనులు చేసుకునేది. "కొత్తది మనవల్ల కాదు. వాడిందే చూద్దాం. రంగు ఏదైనా ఫరవాలేదు, పాటలు రాకపోయినా ఫరవాలేదు. రోజూ పోయి రావాలి కాబట్టి, నిజంగా ఎంత మైలేజీ ఇస్తుందో ఒక్కటి తెలియాలి. జీతమంతా బంకులో పోసేటట్టయితే వెళ్ళి ఏం లాభం? అప్పుడు వద్దని రాసిచ్చేస్తాను."

"మైలేజీ సంగతి నాకొదిలెయ్," అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు నా కళ్ళలో ఏం మెరిసిందో గానీ, విజయ నా వైపు కాస్త భయంగానే చూసింది.

మొదటి కారు విజయే చూసిపెట్టింది. పాత నగరంలో కరీం భాయ్ అని ఒకాయన ఉన్నాడు. ఫిషింగ్ హార్బరు బోట్లకి తాళ్ళు, టార్పాలిన్లు, రంగు డబ్బాలు అమ్ముతాడు. ఆయన కారు తెల్లది. అంటే తయారైన రోజున తెల్లది. ఇప్పుడు పాలల్లో రెండు చుక్కలు టీ పడినట్టుంది. మోకాళ్ళ నొప్పులతో క్లచ్ తొక్కలేక అమ్మేస్తున్నాడు.

నేను కారు చుట్టూ తిరిగి, టైరుని ఒక తన్ను తన్ని (ఎందుకు తంతారో నాకు తెలియదు, అందరూ తంతారు), గొంతు సవరించుకున్నాను.

"మైలేజీ ఎంతిస్తుంది భాయ్?"

"పదమూడు."

అమ్మేవాళ్ళు అంకె చెప్పాక "పైనే" అనడం లోకాచారం. ఆయన అనలేదు.

"పదమూడు... పైనేనా?"

"పైన కాదు సార్. ఒక్కోసారి కింద. కాన్వెంట్ జంక్షన్లో లారీల మధ్య ఇరుక్కుంటే పన్నెండు. ఎండాకాలం ఏసీ వేసుకున్నారనుకోండి, మీరు పెట్రోలు ముల్లు వైపు చూడొద్దు, సముద్రం వైపు చూడండి."

"మరి హైవే మీద?"

"పదహారు చూశాను. ఒకేసారి. పండగపూట, రోడ్డు మొత్తం ఖాళీ. మా ఆవిడ కూడా రాలేదు, సామాన్లు లేవు. అది లెక్కలోకి తీసుకోకండి సార్."

"అదేంటండీ! ఈ కారుకి కాయితాల మీద ఇరవై దాటే రాశారు కదా!"

"కాయితం మీద నేనూ బాగుంటాను సార్. నా పెళ్ళి ఫోటో చూపించమంటారా?"

విజయ నవ్వి, టైర్లు ఎప్పుడు మార్చారు, సర్వీసు ఎక్కడ చేయిస్తారు అని అడుగుతూ కూర్చుంది. నాకు మాత్రం ఆ మనిషి మీద జాలి వేసింది. ఇన్నేళ్ళు మోసిన కారు గురించి ఒక్క మంచి మాట చెప్పలేకపోయాడే!

"నాకు నచ్చింది," అంది విజయ, ఇంటికి వస్తూ.

"ఏం నచ్చింది? పదమూడా? అది కారా, కల్లు పాకా? తాగుతానని ముందే చెప్పి మరీ తాగుతోంది."

"చెప్పి తాగితే మంచిదే కదండీ?"

ఇలాంటి మాటలు వాలు తెలిసిన మనిషి లెక్కలోకి తీసుకోడు.

రెండో కారు నేను వెతుక్కున్నాను. సింహాచలం కొండ కింద అప్పలనాయుడు అని ఒక బ్రోకరు ఉన్నాడు. స్థలాలు, కార్లు, గేదెలు, ఏదైనా అమ్మిపెడతాడు. మొదటి నిమిషంలో నన్ను "సార్" అన్నాడు, రెండో నిమిషంలో "అన్నా" అన్నాడు, మూడో నిమిషానికల్లా "బావా" అనేశాడు. టీ తాగేలోపు ఇంకేం చుట్టరికం కలుపుతాడోనని నేనే తొందరగా తాగేశాను.

కారు నీలం రంగు. నీలం అంటే మామూలు నీలం కాదు. వానాకాలం ముందు, సాయంత్రం అయ్యీ అవని వేళ, సముద్రం మీద ఒక నీలం వస్తుంది చూశారూ, ఆ నీలం. అది చూసినవాడు ఇంజను గురించి అడగడు.

"మైలేజీ?" అన్నాను, మైకంలోనే.

"పద్దెనిమిది బావా," అన్నాడు అప్పలనాయుడు, నా కళ్ళలోకి చూడకుండా.

"నేను పరీక్ష చేసుకోవచ్చా?"

"సేసుకో. అదేటి, అడగాలేటి? బంకు కాడికెల్లి ట్యాంకు ఫుల్లు కొట్టిద్దువు. పెందుర్తి దాకా ఎల్లొచ్చి మల్లీ కొట్టించుకుంటే ఎంత తాగిందో అదే తెలుస్తాది."

"అదంతా పాత పద్ధతి. కొండ ఎక్కి దిగుదాం. నాకో లెక్కుంది."

"కొండా?" అప్పలనాయుడు తల గోక్కున్నాడు. "కొండ మీద మైలేజీ సూసినోడు నాకు తెలిసి ఇంతవరకూ ఒక్కడూ నేడు బావా."

"ఇప్పుడు ఉన్నాడు," అన్నాను. ఛాతీ కొంచెం ఉబ్బింది కూడా.

శనివారం తెల్లవారుతుండగా నా స్కూటరు కొండ కింద పెట్టేసి, నీలం కారులో బయలుదేరాం. నేను స్టీరింగ్ దగ్గర, అప్పలనాయుడు పక్కన. పెట్రోలు ముల్లు ఎర్ర గీతకి కొంచెం ఎగువన ఉంది. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ముల్లు మెల్లగా వాలిపోతూ వచ్చి, పైకి చేరేసరికి ఎర్ర గీత మీద పడుకుంది. నేను కంగారుపడలేదు. కొండ ఎక్కితే ఎవరికైనా ఆయాసమే కదా!

దర్శనం చేసుకుని దిగడం మొదలుపెట్టాం. మొదటి మలుపు దాటగానే గేరు తీసి న్యూట్రల్‌లో వేశాను. ఇంజను కూడా ఆపేయబోతే అప్పలనాయుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, ఇంజను మాత్రం ఆపకు. ఇది స్కూటరు కాదు. నీకు దండం పెడతాను."

సరే, ఆపలేదు. అయినా ఆ కారు ఎంత మెత్తగా జారిందో ఏమని చెప్పను! పొగమంచు దూదిపింజల్లా అద్దానికి తగిలి విడిపోతోంది. ఒకచోట కిటికీలోంచి సంపెంగ పూల వాసన లోపలికి వచ్చి, కాసేపు వెనక సీట్లో కూర్చుని, మలుపులో దిగిపోయింది. కింద ఎక్కడో ఊరు ఉందని గుర్తుందిగానీ ఊరు కనబడటం లేదు. అటువైపు సముద్రం ఉండి ఉంటుంది. అది ఉందన్న నమ్మకమే నీలంగా ఉంది. చెట్లు పక్కకి తప్పుకుని దారి ఇస్తున్నాయి. ఒక కోతి రోడ్డు పక్కన కూర్చుని, పెద్దమనిషిలా, మమ్మల్ని వెళ్ళనిచ్చింది. ఆ కలలోనే నేను ముల్లు వైపు చూశాను.

ముల్లు లేస్తోంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. ఎర్ర గీత మీద పడుకున్న ముల్లు, నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు, మెల్లగా పైకి వస్తోంది. పావు దాటింది. సగం వైపు వెళ్తోంది.

"నాయుడూ!" అన్నాను. "ఈ కారు పెట్రోలు తాగటం లేదు. పుట్టిస్తోంది."

"ఏటి పుట్టిస్తంది?"

"పెట్రోలు! చూడు. ఎక్కేటప్పుడు ఖర్చుపెట్టింది. దిగేటప్పుడు మళ్ళీ సంపాదించుకుంటోంది."

అప్పలనాయుడు వంగి ముల్లుని చూశాడు, రోడ్డుని చూశాడు, తర్వాత చాలాసేపు నన్ను చూశాడు.

"బావా, నాను పద్దెనిమిది అని సిన్న అబద్దం ఆడదావనుకున్నాను. నువ్వు ఇలాగంటే నాకే బయమేస్తంది. కారు ముక్కు కిందకి దిగింది కదా. ట్యాంకులో పెట్రోలు ముందుకి జారిపోయి, ముల్లు అలాగ..."

"నువ్వు బ్రోకరువి. నీకు అర్థం కాదులే," అన్నాను.

లోకంలో సరుకు గొప్పదని కొనేవాడూ, కాదని అమ్మేవాడూ పోట్లాడుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. కొండ కిందికి చేరాక, వాలు ఇంకా పూర్తిగా అయిపోకముందే కారు ఆపి, కలలోంచి లేవకుండానే స్కూటరెక్కి ఇంటికి వచ్చేశాను. ఇంకో నాలుగు గజాలు ముందుకి పోయి, సమమైన నేల మీద ఆ ముల్లుని ఒక్కసారి చూసుంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది.

విజయ పప్పులో తాలింపు పెడుతోంది.

"ఎంతిచ్చింది?"

నిజానికి నా లెక్క ప్రకారం ఆ కారు మైలేజీకి అంతం లేదు. ఎంత తిరిగితే బంకువాడు మనకి అంత బాకీ పడతాడు. కానీ భార్య దగ్గర వినయంగా ఉండాలని, "నలభై," అన్నాను.

గరిటె ఆగింది. "లీటరుకా?"

"తక్కువలో తక్కువ."

"కొండ మీదా?"

"కొండ మీదే కాబట్టి నలభై. చదునులో ఎంతో ఊహించుకో."

విజయ స్టవ్ ఆపేసింది. ఆ మొహంలో అనుమానమూ ఉంది, దాని వెనకాల చిన్న ఆశ కూడా ఉంది. పన్నెండుకీ పదమూడుకీ లెక్క వేసుకుని, ఇంటి ఖర్చులు అక్కడా ఇక్కడా కత్తిరించుకుంటూ కూర్చున్న మనిషికి నలభై అని ఎవరైనా చెబితే ఆశ పుట్టదా? "రేపు నన్నూ తీసుకెళ్ళండి. నేనూ చూస్తాను. చూసి, సోమవారం రాసిస్తాను," అంది.

ఆదివారం విజయ బళ్ళో జెండా పండగలకి కట్టుకునే చీర కట్టుకుంది. నేను ముందు సీట్లో ఆవిణ్ణి కూర్చోబెట్టాను. వెనక సీట్లో అప్పలనాయుడు.

"అక్కా," అన్నాడు వాడు, ఎక్కగానే, "పెట్రోలు ఓ రెండు లీటర్లు కొట్టించుకుని ఎల్దావని బావకి సెప్పు. నా మాట ఇనడు."

"పుట్టించే కారులో పోయించడం దేనికి?" అన్నాను.

ఎక్కాం. ముల్లు ఎర్ర గీత కిందికి పోయి కనబడకుండా దాక్కుంది. విజయ దాన్ని చూసి నన్ను చూసింది. "చూస్తుండు," అన్నాను. పైకి వెళ్ళి దండం పెట్టుకున్నాం. విజయ కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. ఏం కోరుకుంటోందో నాకు తెలుసు. అందుకే దిగేటప్పుడు ఆవిడకి మామూలు మైలేజీ చూపిస్తే సరిపోదనిపించింది.

కొండ చాలావరకు దిగాక, ఇంకా రెండు మలుపులు ఉన్నాయనగా, నేను తాళం వెనక్కి తిప్పాను. ఇంజను ఆగింది. ముల్లు కనబడాలి కాబట్టి తాళాన్ని మళ్ళీ ఒక్క మెట్టు ముందుకి తిప్పి వదిలాను.

ఆహా! నా స్కూటరు మీద నేనొక్కణ్ణే అనుభవించిన ఆ నిశ్శబ్దం ఇప్పుడు మా ఇద్దరికీ పరుచుకుంది. టైర్ల కింద రోడ్డు పట్టు చీర మడతలా సర్రుమంటోంది. విజయ చెవి దగ్గర వెంట్రుకలు గాలికి ఆడుతున్నాయి. ముల్లు తలెత్తింది. పావు. పావు దాటి ఇంకా పైకి.

"చూశావా?" అన్నాను గుసగుసగా. గట్టిగా మాట్లాడితే కల చెదిరిపోతుందేమోనని.

"అవునండీ... లేస్తోంది!"

"బావా," అన్నాడు వెనకనుంచి అప్పలనాయుడు, "సప్పుడేటి ఆగిపోనాది?"

"ఇంజను ఆపేశాను."

"ఓలమ్మో!" అని వాడు రెండు చేతులతో ముందు సీటుని వాటేసుకున్నాడు.

మలుపు వచ్చింది. బ్రేకు తొక్కాను. పట్టింది. తర్వాతి మలుపులో ఇంకోసారి తొక్కాను. సగం పట్టింది. మూడోసారి తొక్కితే, నా పాదం కింద ఉన్నది బ్రేకు కాదు, సింహాచలం కొండ. స్టీరింగ్ తిప్పబోతే, రోలు తిప్పినట్టుంది. స్కూటరు బ్రేకుకీ ఇంజనుకీ చుట్టరికం లేదు గానీ, కారు బ్రేకుకీ స్టీరింగుకీ బలమంతా ఇంజను నుంచే వస్తుందట. ఇరవై ఏళ్ళు వాలు మీద తేలిన పండితుడికి ఈ చిన్న సంగతి ఎవరూ చెప్పలేదు. అప్పలనాయుడు దండం పెట్టి మరీ చెప్పాడనుకోండి.

"ఏమండీ, ఆపండి!"

"ఆపుతూనే ఉన్నాను!"

"మరి ఆగదేం?"

"దాన్నే అడుగు!"

దేవుడి దయవల్ల అది ఆఖరి మలుపు, వాలు పల్చబడింది, ఎదర బళ్ళేమీ లేవు. రోడ్డు పక్కన ఒకావిడ గోనెపట్టా పరిచి, అనాసపళ్ళు గోపురంలా పేర్చి, తను అవతల పనసకాయల దగ్గర నిలబడి బేరం చేస్తోంది. కారు మెల్లగా, చాలా మెల్లగా, నిద్రలో నడిచే మనిషిలా అటు తిరిగింది. విజయ వంగి హ్యాండ్ బ్రేకుని రెండు చేతులతో లాగేసింది. ఆవిడ లాగకపోతే పనసకాయల దాకా పోయేవాళ్ళం. ఆవిడ లాగబట్టి అనాసపళ్ళతో ఆగాం. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. కచక్, కచక్ అని, పెద్ద ఏనుగు తీరిగ్గా ఫలహారం చేసినట్టు వినిపించింది. తర్వాత కారంతా తియ్యటి వాసన.

పళ్ళావిడ వచ్చి కారు చుట్టూ తిరిగింది.

"ఏటి బాబూ? కారు సప్పుడు సేయకుండా వత్తాదేటి? కారా, దెయ్యమా?"

"ఇంజను ఆపేశానమ్మా."

"ఎందుకూ?"

"పెట్రోలు ఆదా అవుతుందని."

ఆవిడ చితికిపోయిన గోపురాన్ని చూసింది, నన్ను చూసింది, విజయ వైపు తిరిగింది. "ఏటమ్మా, ఈ బాబు ఉజ్జోగం సేత్తాడా?"

"చేస్తారమ్మా," అంది విజయ.

"సేత్తాడూ? సరే మరి. ఆదా అయిన పెట్రోలు ఓ సీసాలో పోసి నాకు ఇప్పించు. పళ్ళన్నీ నువ్వే అట్టుకెళ్ళు."

పళ్ళన్నిటికీ డబ్బులిచ్చి, చితికినవీ చితకనివీ అన్నీ డిక్కీలో ఎక్కించుకున్నాం. ఇంజను స్టార్టయింది, బ్రేకుకి ప్రాణం వచ్చింది, నాకూ కొంచెం వచ్చింది. కొండ దిగి సమమైన రోడ్డు ఎక్కాం. అప్పుడు మొదలైంది అసలు అవమానం. పైకి లేచిన ముల్లు, ఇంక నటించడం నా వల్ల కాదన్నట్టు, మా ముగ్గురి కళ్ళముందే కిందికి దిగడం మొదలుపెట్టింది. పావు. పావు కింద. ఎర్ర గీత. దాని కింద. విజయ తల తిప్పకుండా, పరీక్ష హాల్లో కాపీ కొట్టే పిల్లాణ్ణి చూసినట్టు, దాన్నే చూస్తూ కూర్చుంది.

గోపాలపట్నం ఇంకా చాలా దూరం ఉందనగా కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ట్యాంకు ఎండిపోనాది బావా," అన్నాడు అప్పలనాయుడు. ఇప్పుడు వాడి గొంతులో భయం లేదు. విశ్రాంతి ఉంది.

విజయ స్టీరింగ్ దగ్గర కూర్చుంది. నేనూ నాయుడూ దిగి వెనకనుంచి బంకు వైపు తోశాం. ఎండ ఎక్కింది. డిక్కీలోంచి అనాస రసం కారి నా చొక్కా మీద పడుతోంది. ఊరంతటి ఈగలు పెళ్ళివారిలా వెంటబడ్డాయి. ఆటోవాళ్ళు ఆగి మరీ చూసి వెళ్తున్నారు.

"బావా," అన్నాడు నాయుడు రొప్పుతూ, "పద్దెనిమిది కూడా కాదు. పదకొండు. ఓనరు సెప్పొద్దన్నాడు."

అప్పుడు విజయ కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏమండీ, మీరు చెప్పింది నిజమే. చుక్క పెట్రోలు లేకుండా నడుస్తోంది!" అని నవ్వడం మొదలుపెట్టింది. అలా ఇలా కాదు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా, కారు ఊగిపోయేదాకా. ఆ నవ్వు చూసి ఈగలు కూడా కాస్త వెనక్కి తగ్గాయి.

సోమవారం పొద్దున్నే, విజయ లేవకముందే, నేను పాత నగరం చేరాను. కరీం భాయ్ అప్పుడే దుకాణం షట్టరు ఎత్తుతున్నాడు.

"భాయ్, కారు ఉందా?"

"ఉంది సార్. కానీ మీకు మైలేజీ నచ్చలేదు కదా?"

"ఎంతన్నారు?"

"పదమూడు."

"ఇంకోసారి చెప్పండి."

"పదమూడు సార్. ఒక్కోసారి కింద." ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "తబియత్ బాగానే ఉందా? మీ దగ్గర అనాసపళ్ళ వాసనొస్తోంది."

తాళాలు తెచ్చి విజయ కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. ఆవిడ పదమూడుతో వేసుకున్న పాత లెక్కనే మళ్ళీ వేసింది. పాలవాడి దగ్గర అర లీటరు తగ్గించి, నా సిగరెట్లు పూర్తిగా తగ్గించి, ఆ మధ్యాహ్నం వెళ్ళి, చేరతానని రాసిచ్చింది. ఇప్పుడు రోజూ ఆ టీరంగు కారు పెందుర్తి దాటి పోయి వస్తోంది. పదమూడే ఇస్తోంది. ఒక్కోసారి కింద. చలికాలంలో ఒకసారి పద్నాలుగు ఇస్తే, కరీం భాయ్‌కి ఫోన్ చేసి చెప్పింది. ఆయన నమ్మలేదట.

కాబట్టి, గోపాలపట్నం నివాసినీ, పోర్టు గుమాస్తానూ అయిన నేను, సంపూర్ణమైన స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా (పక్కన విజయ ఉంది, అది వేరే సంగతి) ప్రమాణం చేస్తున్నాను. కదిలే బండి ఇంజను ఇకమీద ఆపను. వాలు మీద ఏ ముల్లు ఎంత పైకి లేచినా దాని మాట వినను. కొండ మీద ఎవరికీ ఏ అంకె చెప్పను. అమ్మే మనిషి దండం పెట్టి వద్దంటే కొనను. ఈ ప్రమాణం తప్పితే నా శేషజీవితం అనాసపళ్ళు తింటూ గడుపుతాను. ఇప్పటికే చాలా గడిపాను.

ఇంత చదివాక ఏది నిజం, ఏది కోత అని మీరు భాగిస్తూ ఉంటారు. శ్రమపడకండి. ముల్లు లేవడం నిజం. అనాసపళ్ళు నిజం. పదకొండు కూడా, అయ్యో, నిజమే. నేను కల్పించింది ఒక్కటే. ఆ రోజు విజయ నవ్వలేదు.

కారు తోస్తున్నప్పుడు ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టనూ లేదు. స్టీరింగ్ పట్టుకుని, అద్దంలోంచి నన్ను చూస్తూ, "పోనీ, వద్దని రాసిచ్చేయమంటారా?" అంది. కోపంగా అనలేదు. కూరలోకి వంకాయలు తేవాలా వద్దా అని అడిగినట్టు అంది. నేను ఏ మాటనైనా పది రెట్లు పెంచగలను. ఆ మాటని పెంచుదామంటే పెరగలేదు, తగ్గిద్దామంటే తగ్గలేదు. అందుకని అక్కడొక నవ్వు పెట్టి దాటేశాను.

నిన్న ఈ కాగితాలు ఆవిడకి చూపించాను. చదువుతూ చదువుతూ సరిగ్గా ఆ చోట ఆగింది. ఆగి ఏం చేసిందో చెప్పను. నవ్విందని చెబితే మీరిక నమ్మరు.